అక్క దగ్గర చూసి

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ కత్తెరమ్మే. ఇరవై రెండేళ్లుగా కటింగ్ బల్ల ఆవిడది. కొలతలిస్తే నమూనా గీసిపెట్టే ప్రోగ్రాం ఒకటి, అక్కడే కంప్యూటర్లు చూసుకునే ఆవిడ తమ్ముడు రాశాడు. మిగతా నలుగురు కటింగ్ వాళ్ల కంప్యూటర్లలో బుద్ధిగా ఇన్‌స్టాల్ చేశాడు గానీ, అక్క దగ్గర మాత్రం చెయ్యలేదు.

"నీకెందుకక్కా ఇన్‌స్టాలూ గిన్‌స్టాలూ? నేను రాసుకునే ఫోల్డర్‌లోంచే తిన్నగా నడుపుకో. నేనేది మార్చినా ఆ నిమిషానే నీకు అందుతుంది. వాళ్లకి నెలాఖరుకి గానీ రాదు."

ఆవిడ పొంగిపోయింది. పొయ్యి మీంచి దించీ దించకముందే తనకి ముందు వడ్డించాడనుకుంది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన పిల్లాడు మరి!

వేసవి మొదట్లో నలభై చొక్కాలకి చేతులు రెండు వేళ్లు పొట్టిగా వచ్చాయి. యజమానురాలు అందరి ముందూ కడిగేసింది.

"ప్రోగ్రాం అందరికీ ఒకటే కదా. వాళ్లకి రాని తప్పు నీకే ఎందుకొచ్చింది? కొలతలు కనపడట్లేదేమో, కళ్లు చూపించుకో."

తమ్ముడు అక్కడే ఉన్నాడు. నేలచూపులు చూశాడు. సాయంత్రం తనే తీసుకెళ్లి కళ్లద్దాలు కొనిచ్చాడు. పిచ్చి తల్లి, వాటికీ మురిసిపోయింది. అద్దాలు పెట్టుకున్నా నెల తిరక్కుండా కాలర్లు తప్పాయి. సోమవారం నుంచి గుండీల బల్లకి పొమ్మన్నారు. నిజంగానే తన పని అయిపోయిందనుకుని ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

శనివారం మధ్యాహ్నం, చివరి నమూనా గీద్దామని ఫోల్డర్ తెరిచి, తొందరలో పక్క ఫైలు మీద నొక్కింది. తమ్ముడు తనకోసం రాసుకున్న నోట్సు అది. ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లకి ఇలాంటివి చేరవు. తయారయ్యే చోట మాత్రం అన్నీ పడుంటాయి.

'చేతులకి కొత్త లెక్క. అక్క దగ్గర చూసి, సరిగ్గా వస్తే మిగతావాళ్లకి.'

దాని కిందే, ఆవిడ తిట్లు తిన్నదానికి ముందురోజు తేదీతో: 'అక్క దగ్గర తప్పొచ్చింది. పొరపాటు నాదే. సరిచేశాను.'

కాలర్లకీ అంతే. వడ్డించలేదు వాడు, ఉప్పు చూడమన్నాడు.

పక్క గదిలోంచి తమ్ముణ్ణి పిలిచి తెర చూపించింది. వాడి మొహం పాలిపోయింది.

"చెబితే ప్రోగ్రామే వద్దనేవాళ్లక్కా. వేరేవాళ్లైతే రచ్చ చేస్తారు. నువ్వైతే ఏమీ అనవని..."

"తెలిసే నన్ను కళ్లద్దాల షాపుకి తీసుకెళ్లావా?"

ఆవిడ అద్దాలు తీసి వాడి చేతిలో పెట్టింది. తెర మీద చీమల్లాంటి అక్షరాలు. మొదటి వాక్యం నుంచీ, యజమానురాలి గది దాకా వినపడేలా బిగ్గరగా చదవడం మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు.