తాయారు బస్సు

ఆపరేషన్ అయిన పన్నెండో రోజు నా గొంతు నాకంటే ముందే ఇల్లు చేరుతుంది. నేను ఆటో దిగి గేటు తీసేసరికి అది ముందుగదిలో నా పడక్కుర్చీలో కూర్చుని ఉంటుంది.

"ఇదిగో, కాఫీ ఏదీ?" అంటుంది.

"తెస్తున్నానండీ," అంటుంది వంటింట్లోంచి నా భార్య. ఇల్లు సర్దాలని ఆమె ఆసుపత్రి నుంచి పొద్దున్నే వచ్చేసింది.

గొంతుకి ఆకారం లేదు. కుర్చీ గుడ్డ మధ్యలో కొంచెం పల్లం, అంతే. ఆ పల్లం ముందు ఆమె కాఫీ గ్లాసు పెడుతుంది. నన్ను చూసి, "వచ్చారా? కాళ్ళు కడుక్కోండి," అని లోపలికి వెళ్ళిపోతుంది. గ్లాసులో కాఫీ మెల్లగా తగ్గుతుంది.

నా మెడకి ముందువైపు అర్ధరూపాయంత రంధ్రం ఉంది. దాని మీద పలచటి గుడ్డ. ఇప్పుడు ఊపిరి దానిలోంచే. మాట్లాడాలంటే పలక మీద రాసి చూపించమని నర్సు చెప్పింది.

"అది నేను కాదు" అని రాసి నా భార్యకి చూపిస్తాను.

"ఉండండి, కళ్ళజోడు ఎక్కడో పెట్టాను," అంటుంది.

ఆమె వెతుకుతున్నంతసేపూ అక్షరాలు ఓపిక పడతాయి. తర్వాత ఒక్కొక్కటే పలక దిగి మంచం కిందికి పోతాయి. మళ్ళీ రాస్తాను. మళ్ళీ పోతాయి. సుద్దముక్క గోరంత అవుతుంది.

గ్లాసు తీసి నేలకేసి కొడతాను.

"ఛీ, పిల్లీ!" అంటుంది వంటింట్లోంచి.

మా ఇంట్లో పిల్లి లేదు. రెండోసారి కొట్టేసరికి ఉంటుంది. తెల్లటిది. అంత చప్పుడెందుకన్నట్టు నా వంక చూస్తుంది.

గొంతు మాట్లాడుతూనే ఉంటుంది. "కూరలో ఉప్పు ఎవరికోసం దాచావు?" "ఇస్త్రీ చొక్కా ఏదీ?" "నీకేం తెలుసు, ఊరుకో." అన్నీ నా మాటలే. కొత్తది ఒక్కటీ లేదు. వీటిని గదికి ఈ వైపు నిలబడి నేనెప్పుడూ వినలేదు. ఇటువైపు ఇవి పెద్దగా ఉన్నాయి.

"అంత కష్టంగా ఉంటే మీ పుట్టింటికి పో," అంటుంది గొంతు.

ఆ మాట నేను ఒకే ఒక్కసారి అన్నాను, పంతొమ్మిదేళ్ళ కిందట. ఆ రోజు ఆమె సంచీలో చీరలు పెట్టుకుంది. నేను వంటింటి గుమ్మం బయట నిలబడి రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. మా ఇంట్లో క్షమాపణ అంటే అదే. ఆమె చీరలు బయటికి తీసి అన్నం వడ్డించింది.

ఇప్పుడూ ఆమె సంచీ తీసింది. నేను వెళ్ళి అదే గుమ్మం బయట నిలబడతాను. బలమంతా కూడదీసుకుని సవరించుకుంటాను. సైకిలు ట్యూబు గాలి తీసినట్టు మెడలోంచి ఊపిరి పోతుంది. గుడ్డ రెపరెపలాడుతుంది. ఆమె వెనక్కి తిరగదు. సంచీలో రెండో చీర పెడుతుంది.

కుర్చీ దగ్గరికి పరుగెత్తి పలక మీద రాస్తాను: "ఒకసారి సవరించు."

గొంతు ఎదుట అక్షరాలు కదలకుండా నిలబడతాయి. "దానికి మెడ కావాలి," అంటుంది అది. "నా దగ్గర మాటలే ఉన్నాయి."

"అయితే పేరు పెట్టి పిలువు," అని రాస్తాను.

"ఆవిడ పేరు నా దగ్గర లేదు."

"ఎందుకు లేదు?"

"నువ్వెప్పుడైనా అంటే కదా! 'ఇదిగో' ఉంది. 'ఏమోయ్' ఉంది. 'ఎక్కడ చచ్చావ్' ఉంది. ఏది కావాలి?"

పలకతో కుర్చీని కొట్టబోయి ఆగిపోతాను. నిజమే. భర్త పేరు భార్య పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. భార్య పేరు పలికితే ఏమీ కాదు. అయినా నేను పలకలేదు. ఇరవై ఏడేళ్ళు బస్టాండులో అనౌన్సరుగా చేశాను. తప్పిపోయిన ప్రతివాణ్ణీ ఇంటిపేరుతో సహా మైకులో పిలిచాను. ఆమె ఎప్పుడూ తప్పిపోలేదు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంటుంది గొంతు. "పుట్టింటికి వెళ్ళు బస్సు పదమూడవ ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది."

ముందుగది పొడుగవుతుంది. గోడల స్థానంలో అంకెలు వేసిన స్తంభాలు వస్తాయి. ఆమె సంచీ పట్టుకుని వాటి మధ్య నడిచిపోతుంది. పుట్టింట్లో ఇప్పుడు ఎవరూ లేరు. ఆ ఇల్లు అమ్మేసి పదేళ్ళు. బస్సుకి ఆ సంగతి తెలియదు.

నేను పరుగెడతాను. ఎంత పరుగెత్తితే అన్ని స్తంభాలు కొత్తగా మొలుస్తాయి. ఒకటో నంబరు దగ్గరే నాకు ఆయాసం వస్తుంది.

అక్కడ ఒక ఖాళీ బస్సు ఆగి ఉంది. కండక్టరు కిళ్ళీ నములుతున్నాడు.

"బోర్డు లేదు బాబాయ్," అంటాడు అడక్కుండానే. "బోర్డెడితే పోతాం. పొద్దున్నించీ ఇదే గోల."

మిగిలిన సుద్దతో పలక మీద "తాయారు" అని రాసి బస్సు అద్దం ముందు పెడతాను. నా భార్య పేరు అది. మూడు అక్షరాలూ అటూ ఇటూ చూసి, దూరడానికి మంచం లేక అక్కడే నిలబడతాయి.

కండక్టరు కిళ్ళీ ఉమ్మేస్తాడు. ఫుట్‌బోర్డు ఎక్కి రేకు మీద అరచేత్తో కొడుతూ కేక పెడతాడు.

"తాయారు, తాయారు, తాయారూ! ఎక్కాలెక్కాలి! ఖాళీ బండి, తాయారూ!"

జనం మూటలతో వస్తారు.

"తాయారు ఎంతసేపు నాయనా?" పూలబుట్ట దించుతూ అడుగుతుంది ఒకావిడ.

"అది బండినడక్కూడదు మామ్మా, ఈ బాబాయినడగాలి."

"తాయారు మీదుగా పోద్దా, తాయారు దాకానేనా?" అంటాడు ఒక ముసలాయన.

"తాయారే ఆఖరు!"

పదమూడో నంబరు దగ్గర ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోతుంది. కాలు కిందికి దించి సంచీ మీద కూర్చుంటుంది. ఆ బస్సు ఆమె లేకుండా వెళ్ళిపోతుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంటుంది లౌడ్‌స్పీకరులో నా గొంతు. "వెళ్ళు బస్సు... వెళ్ళు బస్సు..." ఆగుతుంది. "ఇదిగో, ఎక్కడికీ?" అని నన్నడుగుతుంది. చెప్పను.

"రైట్ రైట్!" కండక్టరు రెండుసార్లు రేకు కొడతాడు. బస్సు ఆమె వైపు కదులుతుంది.

దగ్గరయ్యేకొద్దీ ఆమె పెద్దదవుతుంది. సంచీ గుట్ట అవుతుంది. చీర అంచు మీదికి తారురోడ్డు ఎక్కుతుంది. ఆమె నెత్తి మీద రెండు చెరువులు ఎండకి మెరుస్తున్నాయి. కళ్ళజోడు అక్కడుంది. మోచేయి దగ్గర పూలావిడ దిగుతుంది. భుజం దగ్గర ముసలాయన దిగుతాడు. చివరికి నేనొక్కణ్ణే మిగులుతాను.

"నీ స్టాపెక్కడో చెప్పు బాబాయ్, ఆపుతా."

నోరు తెరుస్తాను. మెడ గుడ్డ కదులుతుంది. ఆమె చెవి వచ్చేస్తోంది, దాటిపోబోతోంది. కిటికీలోంచి చేయి బయటపెట్టి రేకు మీద ఒక్కటే దెబ్బ కొడతాను.

బస్సు ఆగుతుంది.

చెవిలో ఒక చిన్న గది. కుర్చీ, మైకు, వెలుగుతున్న ఎర్రదీపం. నేను కూర్చుంటాను. మెడ మీది గుడ్డ తీసి మడిచి జేబులో పెట్టుకుంటాను. మైకుని రంధ్రం దగ్గరికి లాక్కుంటాను.

కింద, దిగినవాళ్ళంతా మూటలు నేల మీద పెట్టి, తలెత్తి నిలబడతారు.