చాయ్ తర్వాత ఓటు

మా వైద్య కళాశాలలో పాఠ్యప్రణాళిక సంఘానికి అధ్యక్షురాలిని అయ్యాక నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. కొత్త పాఠం ఏదైనా చేర్చొచ్చు కానీ, పాతదాంట్లోంచి ఒక్క గంట తీయడం మాత్రం ఎవరి తరమూ కాదు. గంట తీస్తే ఒకరికి జీతం తగ్గుతుంది, ఇంకొకరికి పరువు పోతుంది, మరొకరి మేనకోడలికి ఉద్యోగం ఊడుతుంది. పైగా అందరూ మనకు చుట్టాలే.

నేను అడిగింది పెద్ద కోరికేం కాదు. మొదటి ఏడాది పిల్లలు వారానికో రోజు పల్లె ఆసుపత్రికి వెళ్ళి రోగులతో మాట్లాడాలి. మందు రాయక్కర్లేదు, సూది వేయక్కర్లేదు, ఊరికే ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. మా దగ్గర చదివిన డాక్టర్లు రోగి ముఖం చూడరు, కాగితం చూసి మాట్లాడతారని జనం నా మొహం మీదే అంటున్నారు. అది నిజం కూడా. ఆ రోజుకు కావలసిన గంటలు శరీరనిర్మాణశాస్త్రం నుంచి రావాలి. అది సాబిర్‌బెక్ మాస్టారి శాఖ, ఆయన కోడలి ఉద్యోగమూ అందులోనే. ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. సంఘంలో ఉన్నవాళ్ళందరూ ఆయన ముందు ఎముకల పేర్లు వల్లెవేసి పైకొచ్చినవాళ్ళే, నాతో సహా.

సమావేశం జరిగే వారంలోనే ప్రణాళిక ఆమోదానికి రాజధాని బిష్కెక్ చేరాలి. లేకపోతే ఏడాది ఆగాలి. అందుకే ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి బతిమాలాను. కాళ్ళు అరిగిపోయాయి.

"గెలుస్తున్నాం అక్కా. ఇక చేతులెత్తడమే తరువాయి," అన్నాడు సంఘం కార్యదర్శి మెదెర్‌బెక్.

సమావేశం రోజు మంచు కురిసింది. మాస్టారు నడిచి వచ్చారు, చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"పెద్దాయన చలిలో వచ్చారు. ముందు చాయ్ పోయండమ్మా," అన్నారెవరో.

మెదెర్‌బెక్ నా చెవిలో గొణిగాడు. "అక్కా, ముందు ఓటు పెట్టండి."

"అయితే వెళ్ళి నువ్వే చెప్పు ఆయనకి, చాయ్ తర్వాతని."

వాడు వెళ్ళి కప్పులు సర్దాడు. నీళ్ళు మరిగే సమోవార్ వచ్చింది, నూనెలో వేయించిన పిండి ముక్కలు, వేడివేడి బోర్సోక్‌లు వచ్చాయి. నేనూ రెండు తిన్నాను.

చాయ్ అయ్యాక పెద్దవాళ్ళు దీవెన ఇవ్వాలి. ఇచ్చేదాకా ఎవరూ లేవరు, ఇచ్చాక ఎవరూ కూర్చోరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అది ఓటుకు అడ్డొస్తుందని అలసటలో నా బుర్రకు తట్టలేదు.

మాస్టారు రెండు అరచేతులూ చాచారు. "మీ పిల్లలు చల్లగా ఉండాలి. మీ శాఖల్లో పొయ్యి ఆరకూడదు. ఉన్నది తరగకూడదు. ఓమిన్."

"ఓమిన్," అని తథాస్తు పలికి అందరం అరచేతులతో ముఖం తడుముకున్నాం. నా చేతులూ వాటంతటవే లేచాయి. ఉన్నది తరగకూడదని దీవెన పుచ్చుకున్నాక, తగ్గించమని చెయ్యెత్తే మొనగాడెవడు? కుర్చీలు కదిలాయి. అందరూ నా కళ్ళలోకి చూడకుండా కోట్లు తొడుక్కున్నారు.

మెట్లు దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నాను. కోపం మాత్రం ఆగలేదు.

"కావాలనే చేశారు కదూ మాస్టారూ?"

"కావాలనే చేశా, ఆసిల్కాన్."

"మీ కోడలి ఉద్యోగం కోసమా?"

"దానికేం, ఎక్కడైనా బతుకుతుంది. పోయేది నా గంటలు. అవి పోతే ఇంట్లో కూర్చుని గోడలు చూడాలి."

"గోడలెందుకు? పిల్లలతో పల్లెకు రండి. మీరుంటే వాళ్ళకి ధైర్యం."

ఆయన మెట్టు మీద ఆగిపోయారు. "నాకు భయమే తల్లీ."

"దేనికి?"

"బతికున్నవాళ్ళంటే. ఇన్నేళ్ళలో నా బల్ల మీద పడుకున్నవాళ్ళెవరూ నాతో మాట్లాడలేదు. అసలు మొదట ఏమడగాలి?"

నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక ఆ నవ్వు నిలవలేదు.

గడువు దాటిపోయాక, నాకే ఎందుకో మనసు ఒప్పక, ఆయన్ని కారులో ఒక కొండ పల్లెకు తీసుకెళ్ళాను. గొర్రెలు కాచే ఒక ముసలావిడ మోకాలి నొప్పితో కూర్చుని ఉంది. మాస్టారు ఆ మోకాలు రెండు చేతులతో పట్టుకుని, ఎముకల పేర్లు గొణుక్కుంటూ చాలాసేపు నొక్కి చూశారు.

"ఏమయ్యోయ్, మోకాలితో ముచ్చట్లేంటి? మనిషిని ఇక్కడున్నాను," అందావిడ.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎప్పట్నుంచమ్మా నొప్పి?" అని అడిగారు. ఆవిడ తన మొగుడు చనిపోయిన చలికాలం నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన ఒక్క మాటకూ అడ్డు రాలేదు.

తిరుగు దారిలో మాస్టారు అన్నారు. "వచ్చేసారి ఓటు చాయ్‌కి ముందు పెట్టు. మొదట నేనే చెయ్యెత్తుతా."

"వచ్చేసారంటే వచ్చే ఏడు, మాస్టారూ."

"మరి ఈ ఏడు చేరిన పిల్లలో?"

కసురుకునే ఓపిక కూడా నాకు లేదు.

"మనలాగే తయారవుతారు," అన్నాను.