ఏడాది చవుడు

అంబర్ తాత మీద ఉప్పు దిబ్బ కూలింది. కూలిన దిబ్బ పక్కన మేస్త్రీ కొలకర్ర పాతి చూసి, ఎత్తు తగ్గింది కాబట్టి మర్జాన్ ముఠా ఓడిపోయిందన్నాడు. దిబ్బ కింద మనిషి ఉన్నాడు. తవ్వడానికి వంగిన ముగ్గురి వీపుల మీద కొరడా ఆడింది. ముసలాడు ఈపాటికి పోయే ఉంటాడు, పని చూసుకోండి అన్నాడు మేస్త్రీ. బస్రా పట్నం దిగువన ఆ చవుటి నేలల్లో చాకిరీ చేసే రెండు వందల మంది బానిసలూ అది కళ్ళారా చూశారు.

తర్వాత మేస్త్రీ మర్జాన్ ఒంటి మీది చారల అంగీ ఊడదీయించి ఇంకో ముఠా పెద్ద సందల్‌కు తొడిగించాడు.

ఆ అంగీ కోసమే సందల్ ఏడాదంతా కుళ్ళిపోయాడు. నేల మీద పేరుకున్న ఉప్పు పెచ్చును పారలతో గీకి, తట్టలకెత్తి దిబ్బలు పోయడం వాళ్ళ పని. కింద తేలిన మంచి నేలలో దొర చెరుకు వేసుకుంటాడు. ముఠాకొక దిబ్బ. నెలవంక కనిపించిన మర్నాడు కొలత. ఎత్తైన దిబ్బ పోసినవాళ్ళకు పిండితోపాటు ఖర్జూరాలు, వాళ్ళ పెద్దకు అంగీ. మిగతావాళ్ళకు ఉత్త పిండే.

మర్జాన్, సందల్ ఒకే ఓడలో, ఒకే గొలుసుకు కట్టబడి వచ్చినవాళ్ళు. వాడికి నాకన్నా ఏం ఎక్కువని సందల్ పిండి ముద్ద మింగుతూ లోలోపల రగిలిపోయేవాడు. మర్జాన్ నవ్వినా ఓర్చుకోలేడు, దగ్గినా ఓర్చుకోలేడు. కొరడా పట్టినవాడి మీద రావలసిన కోపమంతా పక్కన తట్ట మోసేవాడి మీదికి పోయేది. దొరకు కావలసిందీ అదే. ఒక పాత అంగీతో రెండు వందల మందిని ఏడాది పొడుగునా తోలాడు.

ఆ ఉదయం అందరూ పిండి కోసం వరసలో నిలబడి ఉండగా సందల్ మర్జాన్ దిబ్బ అడుగున పారతో నాలుగు వేట్లు వేసి వచ్చాడు. మూరెడు జారితే చాలనుకున్నాడు. అంబర్ తాత ఆఖరి తట్టతో పైకెక్కుతాడని అనుకోలేదు.

ఇప్పుడు అంగీ ఒంటికి అంటుకుంది. మర్జాన్ చెమట వాసన వేసింది.

మధ్యాహ్నం పని ఆగిన కాసేపట్లో రెల్లు నీడన ముఠాలన్నీ కలబడబోయాయి. మీ దిబ్బ వదులుగా పోశారని ఒకరు, మీ ఏడుపే తగిలిందని ఒకరు. సందల్ లేచి నిలబడ్డాడు.

"కూల్చింది నేనే."

మర్జాన్ పార పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఎందుకురా?"

"అంగీ కోసం. ఏడాదంతా నా కళ్ళ ముందు ఏసుకు తిరిగావు. ఒక్క పూటన్నా నాకియ్యాలని నీకు తోచలేదు."

మర్జాన్ పార ఎత్తాడు, మళ్ళీ దించాడు.

"నాకూ నీ మీద ఏడుపేరా. నీ ముఠాలో అంతా పడుచోళ్ళు. నీ దిబ్బ కూలిపోవాలని ఎన్నిసార్లు మొక్కుకున్నానో. నువ్వు పార ఏశావు, నేను ఎయ్యలేదు, అంతే."

"మీరిద్దరూ తర్వాత చంపుకోండి" అంది లూలూ. ఆమె వాళ్ళందరికీ పిండి విసిరే మనిషి. "దొర ఖర్జూరపు తోటలకి నీళ్ళు మోసింది మనం. మన కాయలే మనకి పందెం పెడుతున్నాడు. ముందు తాతని బయటికి తియ్యండి."

"తాత సంగతి నేను మర్చిపోను" అన్నాడు మర్జాన్ సందల్‌తో. "ముందు పార పట్టు."

నాలుగు ముఠాలూ ఒకే దిబ్బ మీదికి నడిచాయి. అలా నడవడం అదే మొదటిసారి. కొరడా ఇద్దరికి తగిలింది, ముగ్గురికి తగిలింది. రెండు వందల మంది వెనక్కి తిరిగి చూసేసరికి మేస్త్రీ గుర్రం కోసం పరుగెత్తాడు.

తాత కళ్ళ నిండా ఉప్పు. సందల్ అంగీ విప్పి తాతకు చుట్టాడు. పొట్టిది, పాదాలు బయటికే ఉన్నాయి. పూడ్చాక సందల్ తన దిబ్బ దగ్గరికి పోయి తట్ట నింపాడు. ఇప్పుడు అన్నిటికన్నా ఎత్తైన దిబ్బ అది. తట్ట మోసుకెళ్ళి, గీకి శుభ్రం చేసిన చెరుకు నేల మీద బోర్లించాడు.

ఒకడు చూశాడు. ఇంకొకడు తట్ట అందుకున్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పొద్దు వాలే వేళకు ఏడాది చవుడులో సగం మళ్ళీ దొర నేల మీదికే చేరింది.

అప్పుడు దొర రౌతులు వచ్చారు. ఖర్జూరాల గంప ముందు దింపించి, మొదటి తట్ట పోసినవాణ్ణి అప్పగిస్తే మిగతా అందరికీ రోజూ ఖర్జూరాలన్నాడు మేస్త్రీ. ఎవరూ సందల్ వైపు చూడలేదు. రౌతులు వరసలో కనబడ్డవాణ్ణల్లా కొట్టడం మొదలుపెట్టారు. సందల్ ముందుకొచ్చాడు.

"ఇక్కడ కూడా నన్ను దాటిపోవాలా?" అన్నాడు మర్జాన్.

సందల్ చేతులు తాడుతో కట్టి గుర్రం వెనక లాక్కుపోయారు. కాలువ గట్టెక్కుతూ అతను తల తిప్పి చూశాడు. ఖర్జూరాల గంప తన్నేసి మర్జాన్ తట్ట ఎత్తుకున్నాడు. వెనక లూలూ, ఆమె వెనక అందరూ. కాలువ అవతల వేరే దొర పొలాల్లో కూడా పారలు ఆగాయి. అక్కడివాళ్ళు ఇటే చూస్తున్నారు.

మిగిలిన సగం రేపు వీళ్ళు పోస్తారు, తాను ఉండడు. సందల్ మళ్ళీ మర్జాన్‌ను చూసి అసూయపడ్డాడు.