గడియారం నల్లబడే వేళ

దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన బాపు అంకెల చేతిగడియారాలు రెండు తెచ్చాడు, తనకొకటి, అవ్వకొకటి. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. ముల్లు లేని గడియారం మా వాడలో అంతకుముందు లేదు. అవ్వకు చదువు రాదు. బీడీలు లెక్కపెట్టి నేర్చిన అంకెలతోనే అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ టైము చెప్పేది.

బాపు వేములవాడ దర్శనానికి పోయిన రోజున అవ్వ, చుట్టిన బీడీ కట్టలను కుంపటి సెగకు ఆరబెడుతూ, చెమటకు పట్టీ తడుస్తోందని గడియారం తీసి ఆ కట్టల పక్కనే పెట్టింది. కాసేపటికి అద్దమంతా నల్లబడింది. దాన్ని కొంగులో చుట్టుకొని నా దగ్గరకొచ్చింది.

"ఎట్లనే బిడ్డా? అంత కష్టపడి తెచ్చిండు."

నేను కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా లెక్చరర్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఆ గడియారంలో రెండు అద్దాల నడుమ ద్రవస్ఫటికం ఉంటుంది. నీళ్లలా పారుతుంది గానీ దాని అణువులు బడిపిల్లల్లా వరుస తప్పవు. కొంచెం కరెంటు ఇస్తే పక్కకు తిరిగి వెలుతురును ఆపుతాయి, తీసేస్తే వదులుతాయి. రేపు టెలిఫోను మాటలు వెలుతురై ప్రయాణిస్తే, వాటిని దారి మళ్లించే స్విచ్చులు కూడా ఇలాంటి ద్రవంతో చేయొచ్చట. ఎక్కువ సెగ తగిలితే ఆ వరుస చెదిరి, వెలుతురుకు దారి మూసుకుపోతుంది.

చల్లబడితే మళ్లీ వస్తుందన్నాను. అవ్వ నమ్మలేదు. నీళ్లకుండకు ఆనించి ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అంచు నుంచి మెల్లగా తెల్లబడి అంకెలు తేలాయి. అవ్వ దాన్ని కళ్లకద్దుకొని తలెత్తితే, గడపలో బాపు.

జరిగింది చెబితే నవ్వాడు. "గింతకే పరేషానా? అక్కడ ఎండల సిమెంటు మోస్తుంటె నాది రోజూ నల్లవడ్తది. పొద్దుగూకినంక మల్ల వస్తది."

అవ్వ నవ్వలేదు. కుంపటి మీద అరచెయ్యి పెట్టి చూసి, చటుక్కున తీసేసుకుంది.

"గంత సెగల చేస్తున్నవా నువ్వు పని?"

బాపు ప్రసాదం పొట్లం విప్పడంలో పడ్డాడు. ఉత్తరాల్లో ఎప్పుడూ ‘ఇక్కడ బాగానే ఉంది’ అని రాసేవాడు.

ఆయన తిరిగి పోయే రోజుకు అవ్వ తన మెత్తటి నూలుచీర చింపి, అంచులు కుట్టి, తలగుడ్డలు చేసింది. బస్సు దగ్గర సంచిలో కుక్కుతూ చెప్పింది.

"గడియారం నల్లవడంగనే నీడకు పో. తెల్లవడేదాక లేవకు."

"మేస్త్రి ఊకుంటడా?"

"టైము కనవడ్తలేదని చెప్పు."

బాపు పకపకా నవ్వాడు. బస్సు కదిలేటప్పుడు చూస్తే, అప్పుడే ఒక గుడ్డ తీసి తలకు చుట్టుకుంటున్నాడు.