అమ్మ అడగలేదు

మా తెగలో మనిషి రెండుసార్లు మట్టిలోకి వెళ్తాడు. మొదటిసారి పూడ్చాక పదేళ్ళో పన్నెండేళ్ళో ఆగుతాం. పోయినవాళ్ళు ఎవరి కలలోనైనా కనిపించి, ఇక తియ్యండి అని అడగాలి. అప్పుడే ఎముకలు తీసి, శుభ్రం చేసి, కుండలో పెట్టి మళ్ళీ పూడుస్తాం. తీసేది ఇంటి ఆడపిల్ల. మా అమ్మకు ఆ పిల్లను నేనే.

అమ్మ పోయి నాలుగేళ్ళు నిండకముందే బొగ్గు కంపెనీ మనిషి ఓస్వాల్దో జీపు దిగాడు. మా పక్కనుంచి బొగ్గు రైళ్ళు రోజూ రేవుకు పోతూనే ఉంటాయి. మా గుడిసెల్లో మాత్రం ఒక్క బల్బు వెలిగిన పాపాన పోలేదు. అయినా ఆ బొగ్గు చాలలేదట.

"ప్రపంచమంతా బొగ్గు కోసం అల్లాడిపోతోంది పెద్దాయనా. కొత్త గని మీ శ్మశానం మీదికే వస్తుంది. వానలు పడేలోపు ఖాళీ చెయ్యాలి" అన్నాడు మా మేనమామ తెయోలిందోతో. మా ఇళ్ళల్లో మేనమామదే ఆఖరి మాట.

"చచ్చినవాళ్ళని కూడా తరుముతారట్రా?"

"తొందర నాది కాదండీ, డిమాండుది."

ఆ డిమాండు ముఖం మేమెన్నడూ చూడలేదు. మిగతావాళ్ళవన్నీ కుండలే, ఎత్తుకుపోవచ్చు. అమ్మ ఒక్కతే ఇంకా పచ్చిగా ఉంది.

ఆ రోజునుంచి పొద్దున్నే మామయ్య ఊయల మంచంలోంచి అడిగేవాడు.

"ఏమే అమ్మాయ్, మీ అమ్మ వచ్చిందా?"

"రాలేదు మామయ్యా."

మబ్బులు కమ్మాయి. శ్మశానం చుట్టూ ఎర్రజెండాలు పాతారు. గని తవ్వే యంత్రాలు అమ్మను బొగ్గుతోపాటు ఎత్తి పోస్తాయనిపించింది. మర్నాడు మామయ్య అడగ్గానే అనేశాను.

"వచ్చింది. తియ్యమంది."

ఆయన నా ముఖంలోకి చూసి, "సరే" అన్నాడు.

కాలం తీరితే ఎముకలు వాటంతటవే విడివడతాయి. అమ్మ విడివడలేదు. కత్తి తెమ్మన్నాను. అంతకుమించి చెప్పను. అమ్మ కుండను మిగతావాటితోపాటు దూరంగా కొత్తచోట పూడ్చాం.

ఎముకలు ముట్టిన చేత్తో తిండి ముట్టకూడదు. తొమ్మిది రోజులు మామయ్యే నాకు మేకమాంసం, మొక్కజొన్న గంజి నోట్లో పెట్టాడు.

ఏడాది తిరక్కుండానే ఓస్వాల్దో పళ్ళికిలిస్తూ దిగాడు.

"శుభవార్త! పై దేశాలవాళ్ళు గాలితో, ఎండతో కరెంటు తయారుచేసుకుంటున్నారు. బొగ్గుకి డిమాండు పడిపోయింది. గని తవ్వటం లేదు. మీవాళ్ళని మళ్ళీ తెచ్చుకోండి!"

"మళ్ళీ పెరిగితే?" అన్నాను.

"ముందే చెప్తాంగా."

ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి తిట్టడానికి నాకు నోరెక్కడిది?

మామయ్య మాత్రం అరవలేదు. జెండాలు తీసేసిన నేలకేసి చూస్తూ నాతో, "మా చెల్లెలికి ఈ చోటంటే ప్రాణం. రానంటుందో వస్తానంటుందో దాన్నే అడుగుదాం. అప్పుడూ నీతోనే చెప్పింది. ఈసారీ నీతోనే చెప్తుంది" అన్నాడు.

వారం రోజులు అడిగాడు. ఎనిమిదో పొద్దున ఆ తొమ్మిది రోజుల్లోలాగే, తను తింటున్న ముద్ద నా నోటికందిస్తూ అడిగాడు.

"వచ్చిందా?"

"రాలేదు మామయ్యా. అప్పుడూ రాలేదు."

ముద్ద నా నోటిదాకా వచ్చి ఆగింది. మామయ్య దాన్ని తిరిగి గిన్నెలో పెట్టి, లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.