ఇద్దరు వినీతలు

ఆ బుధవారం వినీత, వాళ్ల నాన్న రాజేందర్ వచ్చి కౌంటర్ ముందు నిలబడేసరికి నాగరాణి చేతిలో టీ ఇంకా సగమైనా కాలేదు.

తాండూరులోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్కాలర్‌షిప్పుల పని పదకొండేళ్లుగా నాగరాణిదే. పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుని, కాగితాలు తెచ్చి ఆమెకిస్తారు. ఆమె వాటిని సరిచూసి, కాలేజీ లాగిన్‌లో ఒక్కొక్కరి పేరు ఎదుటా ఆమోదించాలి. అప్పుడే అవి వికారాబాదులోని జిల్లా ఆఫీసుకు వెళతాయి. అక్కడ మంజూరైతే ఆ పిల్లల ఫీజు ప్రభుత్వమే కాలేజీకి కడుతుంది. ఎప్పుడు కడుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు.

వినీతది బొంరాస్‌పేట దగ్గర ఒక పల్లె. మూడేళ్లూ కొడంగల్ మీదుగా బస్సులో వచ్చిపోతూ బీఎస్సీ పూర్తిచేసింది. సన్నగా, గబగబా మాట్లాడే పిల్ల. ఆ రోజు మరీ గబగబా మాట్లాడింది.

"మేడం, నాకు హైదరాబాద్‌ల ఎమ్మెస్సీ సీటొచ్చింది. కెమిస్ట్రీ! శనివారం లోపల ఒరిజినల్స్ ఇయ్యాలంట. టీసీ, మెమోలు కావాలె."

"మస్తు మంచి మాట చెప్పినవ్ బిడ్డా," అంది నాగరాణి. తర్వాత, ఆ నెలలో ముప్పై మందికి చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. "గని మూడో సంవత్సరం ఫీజు సర్కారు నుంచి ఇంక రాలే. మీరు కడితేనే సర్టిఫికెట్లు ఇయ్యమన్నడు ప్రిన్సిపాల్ సార్. సర్కారు పైసలొచ్చినంక మీయి మీకు వాపస్ ఇస్తం."

రాజేందర్ తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "పక్కా వాపస్ వస్తయి గద మేడం?"

"వస్తయన్నా."

"అయితే రెండు రోజులు టైమియ్యుర్రి. ఏదన్న జేస్త."

వాళ్లు మెట్లు దిగారో లేదో వినీత మళ్లీ పరుగున వచ్చింది. "మేడం, నా ఫోన్ల ఆ సైటు తెర్సుకుంటలేదు. నాది ఎక్కడిదాక పోయిందో జర చూస్తరా? మీరు చూస్తరని నాకెర్కే. థాంక్స్ మేడం!" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

నాగరాణి కంప్యూటర్లో ఆమె దరఖాస్తు నంబరు కొట్టింది. మంజూరైంది, డబ్బు రావాలి అని కనిపిస్తుందనుకుంది. క్లాసులో అందరికీ అదే కనిపిస్తోంది. వినీత పేరు పక్కన మాత్రం ఎర్ర అక్షరాలున్నాయి: కాలేజీ తిరస్కరించింది, కారణం, చదువు మానేశారు.

ఆమె కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుంది. అక్షరాలు మారలేదు.

తర్వాత నెమ్మదిగా గుర్తుకొచ్చింది. ఆ క్లాసులో ఇద్దరు వినీతలు ఉండేవారు, కె. వినీత, జి. వినీత. జి. వినీత మూడో సంవత్సరం మధ్యలో పెళ్లయి కర్ణాటక వైపు, సేడం వెళ్లిపోయింది. మొన్న ఫిబ్రవరిలో ఆఖరి తేదీనాడు రెండొందల పైచిలుకు ఫైళ్లు కూర్చున్న చోటే పూర్తిచేసింది నాగరాణి. మధ్యలో కరెంటు పోయింది, సైటు ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. ఆ హడావిడిలో పోయిన పిల్లను ఉంచి, ఉన్న పిల్లను తీసేసింది. జి. వినీత నంబరు కొట్టి చూసింది. మంజూరైంది, డబ్బు రావాలి.

రాజేందర్ కట్టబోయే డబ్బు వాపసు రాదు. ప్రభుత్వం ఎన్నేళ్లు ఆలస్యం చేసినా, ఎంత త్వరగా ఇచ్చినా, ఈ పిల్ల పేరుమీద రాదు. ఆ సంగతి తాండూరులో తనకొక్కతెకే తెలుసు. అన్నిటికన్నా ఎక్కువగా ఆ ఆలోచనే ఆమెను భయపెట్టింది. తను నోరు మూసుకుంటే ఏమీ జరగదు. రాజేందర్ కడతాడు. రెండేళ్ల తర్వాత వచ్చి అడుగుతాడు. 'ఏం జేద్దమన్నా, సర్కారు ఇయ్యలే' అంటే సరిపోతుంది. అందరూ నమ్మే మాట అది.

సాయంత్రం ఆమె భర్త కైలాసం నడిపే కిరాణం కొట్లో కూర్చుంది. బొంబాయి రవ్వ అడిగినావిడకు చక్కెర కట్టి ఇచ్చింది. ఆవిడ తిరిగొచ్చి పొట్లం గల్లాపెట్టె మీద పెట్టినప్పుడు కైలాసం భార్య వైపు చూశాడు.

"ఏమైంది నీకు? వచ్చినప్పటి సంది లేస్తున్నవ్, కూసుంటున్నవ్."

ఆమె చెప్పింది. అతను గిరాకీ పంపించి, తక్కెడ పళ్లేన్ని గుడ్డతో తుడిచాడు.

"నువ్వేమన్న కావాలని జేసినవా?"

"లేదు."

"మరింక? సప్పుడు జెయ్యకు. నౌకరి పోతదే."

"గా అన్న నన్నే అడిగిండు, పక్కా వాపస్ వస్తయా అని. వస్తయని చెప్పిన."

"అప్పుడు నీకు తెల్వది గద."

"ఇప్పుడు తెల్సింది గద," అంది నాగరాణి. ఆమె మరో పది నిమిషాలు కూడా అక్కడ కూర్చోలేక లేచి ఇంట్లోకి వెళ్లి, ఉతికిన బట్టలే మళ్లీ నానబెట్టింది.

గురువారం సెలవు పెట్టి రైలెక్కింది. ఎవరికీ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా సరిచేసుకోవచ్చేమోనని ఆశ. తాండూరు నుంచి వికారాబాదుకు పట్టుమని గంట కూడా పట్టదు. ఆ గంటలో ఆమె మూడు సీట్లు మారింది. జిల్లా ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ యాకోబు ఆమెకు ఏళ్లుగా తెలుసు. ఏ సందేహం వచ్చినా ఫోన్ చేసేది అతనికే.

"యాకోబన్నా, ఒక్క నంబరు. ఎట్లన్న జేసి మళ్ల తెరుస్తవా?"

అతను తెరమీద రెండు పేర్లూ చూశాడు. నవ్వుతున్న మొహం కాస్తా బిగుసుకుంది. "అక్కా, ఇది నా చేతిల లేదు. కాలేజీ వాళ్లే తీసేసిన్రు. మా తప్పయిందని ప్రిన్సిపాల్ సంతకంతోని లెటర్ రావాలె. మా సార్ అది హైదరాబాద్ పంపిస్తడు. వాళ్లు తెరిస్తేనే తెర్సుకుంటది."

"నేను రాసిస్తే?"

"నీ సంతకం నడవదు. ఇంకొకటి అక్కా. ఆ రెండో పిల్లది కూడ రాయాలె. సదువుకోని పిల్ల పేరు మీద ఫీజు కాలేజీకొస్తే, రేపు ఎవలన్న చూస్తే, అది తప్పు అనరు. వేరే పేరు పెడతరు."

ఆమె బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఫోన్ తీసింది. వినీత నంబరు తెరిచింది. ముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, లెటర్ సంగతి తేలాక చెబుదాంలే అనుకుంది. ఫోన్ సంచిలో వేసుకుంది. మళ్లీ తీసింది. మళ్లీ వేసుకుంది.

శుక్రవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ హన్మయ్య గదికి వెళ్లి నిలబడే చెప్పింది. ఆయన కాలేజీలో వాటాదారు కూడా. అరిచే మనిషి కాదు. అందుకే ఆయనంటే ఎక్కువ భయం.

"కాలేజీ లెటర్‌హెడ్ మీద మాది తప్పని రాయాల్నా?" అన్నాడు. "రాస్తే తనిఖీకొస్తరు. ఒక్క ఫైలు కోసమొచ్చి అన్ని ఫైళ్లు చూస్తరు. ఆ పిల్ల ఎట్లయినా ఫీజు కడుతుంది గద. సోమవారం మాట్లాడుదం."

"సోమవారానికి ఆమె కట్టేస్తది సార్."

"కట్టనీ. రసీదు ఇయ్యి."

ఆమె తిరిగి కౌంటర్లో కూర్చుంది. రసీదు పుస్తకం తీసి ముందు పెట్టుకుంది. గడియారం చూసింది, గ్లాసెడు నీళ్లు తాగింది, లేచి ఫ్యాను వేగం పెంచింది, తగ్గించింది. పన్నెండు కాకముందే తండ్రీకూతుళ్లు వచ్చారు. రాజేందర్ చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చే సంచి, లోపల రబ్బరు బ్యాండు వేసిన నోట్లు. ఆయన వాటిని కౌంటర్ కిటికీలోంచి ముందుకు తోశాడు.

"లెక్క చూస్కోండ్రి మేడం. బిడ్డ పొద్దుగాల్నే లేచి తయారైంది, పరేషాన్ జేస్తుంది."

నాగరాణి నోట్లను ముట్టలేదు.

"అన్నా, ఇవి మీరు కట్టొద్దు," అంది. "సర్కారు ఆలస్యం కాదు ఇది. నేను తప్పు జేసిన. ఇంకో వినీత బదులు మన వినీత పేరు తీసేసిన. మీరు కడితే ఈ పైసలు మళ్ల రావు."

రాజేందర్‌కు వెంటనే అర్థం కాలేదు. కూతురికి అయింది. ఆమె నాన్న చెవి దగ్గర రెండు మాటలు చెప్పింది. ఆయన నోట్ల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు.

"మీకెప్పుడు తెల్సింది?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని నాగరాణికి తోచింది. "బుధవారమే. మీరు పోయినంక."

"బుధవారమా!" అన్నాడు ఆయన. "నిన్న గంజ్ మార్కెట్ల కందులమ్మిన మేడం. ధర పెరిగేదాక ఆపుదమని ఎండకాలం నుంచి ఇంట్లనే పెట్టుకున్న. నిన్ననే, ఉన్న కాడికి అమ్మేసిన. ఒక్క మాట చెప్తే అమ్ముతుంటినా?"

"నా నంబర్ మీ దగ్గర ఉండె గద మేడం," అంది వినీత. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు. వికారాబాదు మెట్ల మీద రెండుసార్లు తీసి మళ్లీ సంచిలో వేసుకున్న ఫోన్ నాగరాణికి గుర్తొచ్చింది.

ఆమె కౌంటర్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. "అన్నా, నా మీద ఎంత కోపమున్నా తర్వాత చెయ్యుర్రి. ముందుగాల నాతోని సార్ దగ్గరికి రార్రి. లెటర్ మీద ఆయన సంతకం కావాలె. నేనొక్కదాన్నే అడిగితే పెడతలేడు."

ముగ్గురూ వెళ్లారు. హన్మయ్య వాళ్లను చూసి నాగరాణి వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో ఉద్యోగం సగం పోయిందని ఆమెకు అర్థమైంది.

"మీరు బయట కూసోండ్రి. మేం మాట్లాడుకుంటం," అన్నాడు రాజేందర్‌తో.

"మాట్లాడేది మా బిడ్డ గురించే గద సార్. మేమీడనే ఉంటం," అన్నాడు రాజేందర్. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"చూడు పెద్దాయనా, కాలేజీ పేరు పోతది."

"మీ కాలేజీల మూడేళ్లు సదివింది సార్ నా బిడ్డ. ఒక్కనాడు మానలే. ఆమె సదువు మానేసిందని మీరే రాస్తిరి. అది గా కంప్యూటర్ల ఎన్నాళ్లుండాలె?"

హన్మయ్య పెన్ను చేతిలో తిప్పాడు. వినీత టేబుల్ దగ్గరికి జరిగింది. "సార్, మూడేండ్ల హాజరు పట్టీ మీ దగ్గరే ఉంది. అది జిరాక్స్ ఇయ్యుర్రి చాలు. అది పట్టుకోని నేను వికారాబాద్ ఆఫీసుకు పోయి అడుగుత," అంది.

ఆ మాట విన్నాక ఆయన పెన్ను మూత తీశాడు. లెటర్లో తప్పు స్కాలర్‌షిప్ గుమస్తాదని రాయించాడు, కాలేజీదని కాదు. నాగరాణి తన పేరు తనే టైపు చేసింది. రెండు నెలల జీతంలో సగం కోత అని ఆయన అక్కడికక్కడే చెప్పాడు. ఆమె తలూపింది. ఫీజు కట్టించుకోకుండానే సర్టిఫికెట్లు ఇచ్చెయ్యమన్నాడు. టీసీ, మెమోలు బీరువాలోంచి తీసిచ్చేటప్పుడు కవరు కిందపడింది. వినీతే వంగి తీసుకుంది.

"పోయొస్త మేడం," అంది. ఈసారి థాంక్స్ అనలేదు. రాజేందర్ నోట్ల సంచి చంకలో పెట్టుకుని, ఆమె వైపు చూడకుండానే మెట్లు దిగాడు.

శనివారం వినీత హైదరాబాదులో చేరింది. సోమవారం లెటర్ తీసుకుని నాగరాణే వికారాబాదు వెళ్లి యాకోబు చేతిలో పెట్టింది. జి. వినీత పేరు జాబితాలోంచి పోయింది. కె. వినీత పేరు తెరుచుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ నాగరాణి పొద్దున కంప్యూటర్ పెట్టగానే ముందు ఆ నంబరే కొట్టేది. చివరికి ఎర్ర అక్షరాలు పోయి, మంజూరైంది, డబ్బు రావాలి అని వచ్చింది. అందరిలాగే వరుసలో నిలబడింది, అంతే. ఆ సంగతి వినీతకు మెసేజ్ పెట్టింది. 'సరే మేడం' అని వచ్చింది. కందుల ధర దసరా దాటాక పెరిగింది. ఆ సంగతి కైలాసం కొట్లో విని చెబితే, ఆమె ఆ పూట అన్నం సగంలో వదిలేసింది.

కొత్త విద్యా సంవత్సరం దరఖాస్తుల రోజుల్లో కౌంటర్ ముందు వరుస పెద్దదైంది. ఒక రోజు ఆ వరుసలో రాజేందర్ కనిపించాడు. పక్కన చిన్న కూతురు అక్షర, డిగ్రీ మొదటి సంవత్సరం. వంతు వచ్చినప్పుడు ఆయన కిటికీ దగ్గర ఆగలేదు. వరండాలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుంటూ తలుపు తీసుకుని లోపలికొచ్చి, కంప్యూటర్ పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"ఈసారి నేనీడ కూసుంట మేడం. మీరు ఏం నొక్కుతున్నరో నాకు సదివి చెప్పుర్రి."

"కూసోండ్రి అన్నా."

ఆమె చదివింది. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, హాల్ టికెట్ నంబరు, బ్యాంకు ఖాతా. ఒక్కో అంకె దగ్గర ఆగింది. ఆయన చేతిలో కాగితం పట్టుకుని వేలుతో పోల్చి చూసుకున్నాడు. ఒకచోట, "ఆగుర్రి, మళ్ల చెప్పుర్రి," అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. బయట వరుసలో సణుగుడు మొదలైంది. అక్షర సిగ్గుపడి కిటికీ దగ్గర నుంచి పక్కకు జరిగింది.

ఆమోదించే గడి దగ్గరికి వచ్చాక నాగరాణి మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసింది. "అన్నా, పేరు ఒక్కసారి మీరే చూడుర్రి."

ఆయన ముందుకు వంగి, పెదవులు కదుపుతూ చదివాడు. చాలాసేపు చదివాడు. "మా బిడ్డదే," అన్నాడు. "నొక్కుర్రి."

నొక్కింది. ఆయన లేచి, చెప్పులు సరిచేసుకుని బయటికి నడిచాడు. గడప దాటాక వెనక్కి తిరిగి, "పెద్దామె మంచిగ సదువుతుంది. మొన్న పరీక్షలల్ల క్లాసుల రెండో నంబరొచ్చింది," అని చెప్పి వెళ్లిపోయాడు.

వరుసలో తర్వాతి మనిషి మొగులమ్మ, మర్పల్లి నుంచి మనవరాలి కాగితాలు పట్టుకొచ్చిన ముసలామె. ఆమె కిటికీ దగ్గర ఆగకుండా లోపలికొచ్చి, ఖాళీ అయిన కుర్చీలో దబ్బున కూర్చుంది.

"నాక్కూడ గట్లనే సదివి చెప్పు బిడ్డా," అంది. "నాకు తొందరేం లేదు."