దూకే పిల్ల

ఉల్లిపాయలు తరుగుతుంటే కోడలు పిలిచింది. "అత్తయ్యా, ఒక్కసారి ఇటొచ్చి నా బొమ్మ చూడరూ?"

కత్తి పక్కన పెట్టి వెళ్లాను. మా ఇంట్లో భోజనాల బల్లే కోడలి ఆఫీసు. కంచాలు పెట్టే వేళకు కంప్యూటరు ఎత్తేయాలి, కంచాలు తీశాక బల్ల తుడుచుకుని మళ్లీ పెట్టుకోవాలి. లోపలి గదిలో మా అబ్బాయికి రాతబల్ల ఉంది. దాని మీద వాడి ఇస్త్రీ చొక్కాలుంటాయి. చొక్కాల్ని కదిలిస్తే వాడికి కోపం. కోడల్ని మాత్రం రోజుకు మూడుసార్లు కదిలించవచ్చు.

బొమ్మంటే గోడకు అంటించేది కాదు, కదిలే పోస్టరు. నగరంలో కుర్రకారు ఎలా ఉంటారో చూపించమని ఎవరో యువజన కేంద్రం వాళ్లు కోడలి ఆఫీసుకు పని ఇచ్చారు. రైల్వే స్టేషన్లలో పెద్ద తెరల మీద వేస్తారట, కింద కోడలి పేరు కూడా ఉంటుందట. నాలుగేళ్ల నుంచి ఎన్ని గీసినా పేరు మాత్రం పెద్దసారుదే పడేది. ఇదే మొదటిసారి. సాయంత్రం ఐదుకల్లా పంపాలి.

"ఎనిమిది సెకన్లు కదులుతుంది అత్తయ్యా. అయిపోగానే మళ్లీ మొదటికొస్తుంది."

"అయితే అచ్చం మన వంటింటి పనే."

కోడలు నవ్వుతూ బొమ్మను నడిపించింది. రంగురంగుల గోడలు, మధ్యలో మెట్లున్న వీధి. ఒకడు చక్రాల పలక మీద జారిపోతున్నాడు. ఒకడు తల కిందులుగా చేతుల మీద తిరుగుతున్నాడు. ఇంకొకడు గోడ మీద రంగు చిమ్మి పరుగెత్తుతున్నాడు. ఆడపిల్లలు నలుగురున్నారు. మూడుసార్లు చూశాను. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది గానీ కళ్లు ఆగిపోలేదు కదా.

"అంతా బాగుందే. ఆడపిల్లల కాళ్లకు మేకులెందుకు కొట్టావు?"

"మేకులా?" అంటూ మళ్లీ నడిపించింది. ఒకమ్మాయికి జుట్టు ఊగుతోంది. ఒకమ్మాయి ఫోను చూసుకుంటోంది. ఒకమ్మాయి చప్పట్లు కొడుతోంది. నాలుగో అమ్మాయి చక్కగా నవ్వుతోంది. నలుగురిలో ఒక్కరూ ఉన్నచోటి నుంచి అడుగు కదపలేదు. "ఇలా గీయమని నాకెవరూ చెప్పలేదు అత్తయ్యా. నా చేత్తో నేనే గీశాను. పది రోజుల నుంచి చూస్తూ కూడా చూడలేదు."

ఈ ఇంటికొచ్చిన కొత్తలో కోడలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. "మెల్లగా అమ్మా, కిందింటివాళ్లు ఏమనుకుంటారు?" అన్నది ఎవరు? నేనే. మరి నాకెవరు చెప్పారు? మా అత్తగారు. "ఆడది నడిస్తే గడపకు కూడా తెలియకూడదు" అనేది ఆవిడ. మా ఆయన అంతకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. "ఏమిటా గుర్రపు నడక? ఇల్లు కూలిపోతుంది" అనేవాడు. తొమ్మిదేళ్ల వయసులో ఇటుకల గుట్ట మీంచి అన్నలకంటే దూరం దూకిన పిల్లని. పెళ్లయిన ఏడాదికి మునివేళ్ల మీద పిల్లిలా నడవడం వచ్చేసింది. ఇల్లు మాత్రం కూలలేదు, నిజమే. కూలినదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

"ఒకమ్మాయిని దూకించు," అన్నాను.

"ఎలా దూకుతారో నాకు తెలియాలి కదా! మగపిల్లల్నయితే వీధిలో నిలబడి వీడియో తీసుకున్నాను."

"ఫోను పట్టుకుని నా వెంట రా."

మా అపార్టుమెంటు మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు ఎక్కి నిలబడ్డాను. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకున్నాను. కోడలు వద్దు వద్దంటూనే ఫోను గురిపెట్టింది. భుజాలు ముందుకు వంచి, చేతులు వెనక్కి విసిరి దూకాను. జానెడు ఎత్తు. అయితేనేం, మోకాళ్లు ఎక్కడ వంచాలో, దిగాక ఏ కాలు ముందుకు పడాలో ఒంటికి గుర్తుంది. "ఎత్తు, వేగం నేను పెంచుకుంటాను, మీరు ఇంకొక్కసారి!" అంది కోడలు. ఆరోసారి దూకుతుండగా మా అబ్బాయి భోజనానికొచ్చాడు.

"అమ్మా! ఏమైంది నీకు? కాలు విరిగితే ఎవరు చూస్తారు?"

"నువ్వే చూస్తావు. కొడుకువి కదరా." కోడలు పోస్టరు సంగతి చెప్పింది.

"కుర్రకారు పోస్టరుకి మా అమ్మ మోడలా? నలుగురూ వింటే నవ్వుతారు. ముందు భోజనం పెట్టండి, తరవాత ఎగురుదురు గాని."

"ఉల్లిపాయలు సగం తరిగాను. మిగతా సగం నీ వంతు."

వాడు నవ్వాడు, నేను హాస్యమాడుతున్నాననుకుని. నేను నవ్వకపోయేసరికి కత్తి అందుకున్నాడు.

నాలుగున్నరకు బొమ్మ తయారైంది. జుట్టు ఊగే అమ్మాయి ఇప్పుడు మెట్ల మీంచి లేచి, చక్రాల పలకవాడి నెత్తి మీదుగా వీధికి అవతల దిగింది. కోడలు పెద్దసారుకు పంపింది. వెంటనే ఫోను వచ్చింది. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఇదేమిటమ్మా? నేను ఒప్పుకున్న చిత్తులో ఆ పిల్ల నిలబడి ఉంది కదా? జుట్టు ఊగితే చాలు. పాతదే పంపు. లేదంటే చెప్పు, ఇంకొకరి చేత చేయించి వాళ్ల పేరు వేయిస్తాను."

కోడలి వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. "పాతదే పంపెయ్, ఎందుకొచ్చిన గొడవ?" అని గుసగుసలాడాడు మా అబ్బాయి. కోడలు వాడి వైపు చూడలేదు, నా వైపు చూసింది. సర్దుకుపోవే తల్లీ అనడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక. మా చెల్లెళ్లకు చెప్పాను, కూతురికి చెప్పాను, ఈ కోడలికీ ఎన్నోసార్లు చెప్పాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. గట్టిగా మింగేశాను.

"మార్చను సార్ అని చెప్పు," అన్నాను.

కోడలు గొంతు సవరించుకుంది. "మార్చను సార్. ఇదే పంపండి, కింద నా పేరే వేయండి."

"అసలు ఏ ఆడపిల్ల దూకుతుందమ్మా అలా? ఎక్కడైనా చూశావా?"

ఫోను నా వైపుకు లాక్కున్నాను.

"ఆ దూకింది నేనే బాబూ. ఇప్పుడు చెప్పండి, నన్నెక్కడ నిలబెడతారు?"